టోల్ రేటు పెంచేది ఎవరు, మనం అడగాల్సింది ఎవరిని?

కూర్మన్నపాలెం కుర్రోడు
మళ్లీ ఏప్రిల్ 1 వస్తోంది. ఏటా మార్చి ఆఖర్లో పేపర్లో చిన్న వార్త పడుతుంది, అర్ధరాత్రి నుంచి కొత్త రేట్లు అమల్లోకి వస్తాయి. పొద్దున్న ఫాస్టాగ్ మెసేజ్ చూసుకుంటే ఐదో పదో ఎక్కువ కోసి ఉంటుంది. ఈ పెంపు ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎవరు దాన్ని ప్రశ్నించగలరు అన్నది తేల్చుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కరెంటు చార్జీనే తీసుకోండి. మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ రేటు పెంచాలంటే ముందు విద్యుత్ నియంత్రణ మండలికి, అదే ఈఆర్‌సీకి, ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఈఆర్‌సీ బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడ రైతు సంఘం వాళ్లు, చిన్న పరిశ్రమల వాళ్లు, మామూలు వినియోగదారులు లేచి ఈ ఖర్చు ఎందుకు రాశారని నిలదీస్తారు. ఆర్టీసీ చార్జీ పెరిగితే అసెంబ్లీలో గొడవ జరుగుతుంది. టోల్‌కి మాత్రం విచారణా లేదు, సభలో ఓటింగూ లేదు. మనం ఎన్నుకున్న వాళ్లకి ఇందులో పాత్ర ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ లారీ
మంచి మాట ఎత్తావు తమ్ముడూ. నాకు చట్టాలు తెలీవు గానీ లెక్క తెలుసు. పోర్టు నుంచి విజయవాడ లోడుకి కిరాయి మాట్లాడుకున్నాక మధ్యలో టోల్ పెరిగితే అది మా నెత్తి మీదే. లోడు ఇచ్చిన పార్టీ వాళ్లని అడిగితే మాట్లాడుకున్నది మాట్లాడుకున్నదే అంటారు. డీజిలు, టైర్లు, డ్రైవరు బత్తా, ఆపైన టోలు. కార్ల వాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి 3,000 రూపాయల ఏడాది పాసు పెట్టారు, 200 ట్రిప్పులు. సంతోషమే. లారీకి అలాటిదేమీ లేదు. ఇదేటి న్యాయం? లారీ మీద పడిన టోలు చివరికి బియ్యం బస్తా మీదా, సిమెంటు బస్తా మీదా పడదా?

ఎంవీపీ లాయరమ్మ
కుర్రోడి ప్రశ్నకి జవాబు ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి.

జాతీయ రహదారుల చట్టం 1956లో వచ్చింది. అందులో 7వ సెక్షన్ రహదారి మీద ఫీజు వసూలు చేసే అధికారం కేంద్రానికి ఇచ్చింది. రేటు ఎంత, ఎలా వసూలు చెయ్యాలి అన్నది చట్టంలో లేదు, రూల్స్‌కి వదిలేశారు. ఇప్పుడు నడుస్తున్న రూల్స్ 2008 డిసెంబరు నాటివి. మూల రేట్లు వాటిలోనే ఉన్నాయి. 2007-08కి నాలుగు వరసల రోడ్డు మీద కారుకి కిలోమీటరుకు 65 పైసలు, బస్సుకీ రెండు యాక్సిళ్ల లారీకీ 2 రూపాయల 20 పైసలు. 60 కిలోమీటర్ల ముక్కకి కారుకి 39 రూపాయలన్నమాట.

ఏటా పెంచే సూత్రం కూడా ఆ రూల్స్‌లోనే ఉంది. 3 శాతం కచ్చితంగా పెరుగుతుంది. దానిపైన టోకు ధరల సూచీ ఎంత పెరిగిందో అందులో 40 శాతం కలుస్తుంది. వచ్చిన మొత్తాన్ని దగ్గర్లోని 5 రూపాయలకి సర్దుతారు. మీ మెసేజ్‌లో పెంపు ఎప్పుడూ ఐదో పదో ఉండటానికి కారణం ఇదే.

ఆ 3 శాతం గురించి ఆలోచించండి. దేశంలో టోకు ధరలు ఒక ఏడాది అస్సలు పెరగకపోయినా టోల్ 3 శాతం పెరుగుతుంది. ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు, ఎవరికీ కారణం చెప్పక్కర్లేదు.

పెందుర్తి టీచర్
అంటే 2008లో ఒకసారి రాసిన సూత్రమే ఇన్నేళ్లుగా తనంతట తాను తిరుగుతోందా మేడం? ఇందులో పార్లమెంటు పనేమీ లేదా?

ఎంవీపీ లాయరమ్మ
ఉంది టీచర్ గారూ, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. అదే చట్టంలో 10వ సెక్షన్ ప్రకారం ఈ రూల్స్‌నీ, వాటికి చేసే సవరణల్నీ ఉభయ సభల ముందు ఉంచాలి. ఏ ఎంపీ అయినా వాటిని మార్చాలనో రద్దు చెయ్యాలనో తీర్మానం ఇవ్వొచ్చు. రెండు సభల్లోనూ సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ అని ఒకటుంది. మంత్రిత్వ శాఖలు రాసుకునే రూల్స్ అసలు చట్టం ఇచ్చిన హద్దులో ఉన్నాయా లేదా అని చూడటమే దాని పని.

అయితే సభ ముందుకి వచ్చేది సూత్రం, లేదా దానికి చేసిన సవరణ. ఏటా ఏప్రిల్‌లో మారే రేటు ఆ సూత్రం నుంచి లెక్క కట్టి తీసింది కాబట్టి దాని మీద సభలో చర్చ రాదు. పేపర్లో ప్రకటన వస్తుంది, ప్లాజా దగ్గర బోర్డు మారుతుంది, అంతే. అందుకే పెరిగిన రోజు ధర్నా చేస్తే ఫలితం ఉండదు. సూత్రం సవరణకి వచ్చినప్పుడే పట్టుకోవాలి.

2023లో అలాంటి సవరణ ఒకటి వచ్చింది. అంతకు ముందు రూల్స్‌లో ఒక మంచి నిబంధన ఉండేది. రోడ్డుకి పెట్టిన పెట్టుబడి తిరిగి వచ్చేశాక ఫీజుని 40 శాతానికి తగ్గించాలి. అంటే 100 కట్టేవాడు 40 కడితే చాలు. ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు అప్పు తీరినా పూర్తి రేటే, అదీ ఏటా పెరుగుతూ. కోట్ల మంది జేబుకి సంబంధించిన మార్పు ఇది. మన జిల్లాలో దాని మీద ఒక్క సభ జరగలేదు, ఒక్క కరపత్రం రాలేదు. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

రిటైర్డ్ ఇంజినీరు, సీతమ్మధార
రోడ్ల పనుల్లోనే ఉద్యోగం చేసి రిటైరైనవాడిని, రెండో పక్క కూడా చెప్పాలి. ప్రైవేటు వాళ్లు సొంత డబ్బు, బ్యాంకు అప్పు పెట్టి రోడ్డు వేసి, టోలు వసూలు చేసుకుని 20, 25 ఏళ్లలో రాబట్టుకునే పద్ధతి ఒకటుంది. బ్యాంకు అప్పు ఇచ్చేముందు ఆ ఏళ్లన్నిటికీ టోలు ఎంత వస్తుందో లెక్క చూస్తుంది. రేటు ప్రతి ఏప్రిల్‌లో సభలో ఓటుకి వస్తుందంటే ఎన్నికల ఏడాదిలో ఎవరూ పెంచరు. అప్పుడు అప్పు ఇచ్చేవాడూ ఉండడు, రోడ్డు వేసేవాడూ ఉండడు. 3 శాతం స్థిరంగా పెట్టింది ఆ నమ్మకం కోసమే. నిఘా ఉండాల్సిందే, కాదనను. ఏటా రేటు మీద ఓటు మాత్రం ప్రమాదం.

కూర్మన్నపాలెం కుర్రోడు
ఇంజినీరు గారూ, 2024లో లోక్‌సభ ఎన్నికలని పెంపు వాయిదా వేసి జూన్ 3 నుంచి అమలు చేశారు కదా. రెండు నెలలు ఆగితే ఏ కాంట్రాక్టూ కూలిపోలేదు.

ఇంకో సంగతి. మన ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి ఆరు వరసల రోడ్డు మీరు చెప్పిన పద్ధతిలో వేసింది కాదు. అది హైబ్రిడ్ యాన్యుటీ. పని జరుగుతుండగా ఖర్చులో 40 శాతం ప్రభుత్వమే ఇస్తుంది, మిగతాది ఏళ్ల తరబడి వాయిదాల్లో కాంట్రాక్టరుకి కడుతుంది. ఈ పద్ధతిలో టోలు హక్కు ప్రభుత్వ సంస్థది. వాహనాలు ఎక్కువ వచ్చినా తక్కువ వచ్చినా కాంట్రాక్టరు వాయిదా మారదు. అలాంటి రోడ్డు మీద బ్యాంకు భయపడుతుందన్న వాదన ఎలా నిలుస్తుంది? ఈ పద్ధతిలో రేటు నిర్ణయించేదీ ప్రభుత్వమే, డబ్బు తీసుకునేదీ ప్రభుత్వమే. అలాంటప్పుడు సభకి లెక్క చెప్పడానికి అడ్డేముంది?

రిటైర్డ్ ఇంజినీరు, సీతమ్మధార
హైబ్రిడ్ రోడ్లకి నీ మాట సరైనదే బాబూ. ఆ రెండు రకాలకీ ఒకే సూత్రం ఎందుకుండాలి అన్నది అడగాల్సిన ప్రశ్న. ఎంపీకి రాసే కాగితంలో ఇది తప్పకుండా పెట్టండి.

విజయనగరం అప్ అండ్ డౌన్
మీరంతా సూత్రం గురించి మాట్లాడుతున్నారు. నేను మన నాతవలస టోల్ ప్లాజా గురించి చెప్తాను, ఎందుకంటే అది ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ రిపోర్టుకే ఎక్కింది.

దక్షిణాది అయిదు రాష్ట్రాల్లో 41 టోల్ ప్లాజాల మీద కాగ్ ఆడిట్ చేసింది. 2017-18 నుంచి 2020-21 దాకా లెక్కలు చూసి 2023లో పార్లమెంటుకి ఇచ్చింది. రూల్స్‌కి విరుద్ధంగా వాహనదారుల నుంచి 132 కోట్ల రూపాయలకి పైగా వసూలు చేశారని తేల్చింది. అందులో 124 కోట్లకి పైగా మూడు ప్లాజాలదే. ఆ మూడింట్లో ఒకటి నాతవలస, మిగతా రెండూ కర్ణాటకవి.

రూల్స్‌కి 2013లో ఒక సవరణ వచ్చింది. నాలుగు వరసల రోడ్డుని ఆరు వరసలు చేస్తున్నప్పుడు పని గడువు దాటి ఆలస్యమైతే, ఆ ఆలస్యమైన కాలానికి ఫీజు తీసుకోకూడదు. ఈ మూడు చోట్లా 2020 మే నుంచి 2021 మార్చి దాకా తీసుకున్నారు. ఆ రోజులు గుర్తు తెచ్చుకోండి. కోవిడ్, సగం జీతాలు, రోడ్డు నిండా మళ్లింపులు, దుమ్ము. అప్పుడు కట్టినవాళ్లలో మన విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జనం ఎంతమంది!

తర్వాత ఏమైంది అన్నదే నా ప్రశ్న. కాగ్ రిపోర్టు సభలో పెట్టడంతో పని అయిపోకూడదు. ఆ డబ్బు ఎవరిది? ఫాస్టాగ్‌తో కట్టినవాళ్ల ఖాతా వివరాలు బ్యాంకుల దగ్గర ఉంటాయి కదా. ఏ బండి ఏ రోజు ఏ ప్లాజా దాటిందో రికార్డు ఉన్నప్పుడు వెనక్కి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు.

ఆటోనగర్ లారీ
నాతవలస మీదుగా ఆ రోజుల్లో మా బళ్లు తిరగని రోజు లేదు. ఈ సంగతి ఇప్పుడే వింటున్నాను. మా అసోసియేషన్‌లో ఎవరికీ తెలీదు. ఈ కాగితం తెలుగులో ఉంటే ప్రతి లారీ ఓనరుకీ పంచుతాను.

ఎంవీపీ లాయరమ్మ
అప్ అండ్ డౌన్ గారూ, మీరు సరైన చోట వేలు పెట్టారు. కాగ్ రిపోర్టులు నేరుగా ప్రజాపద్దుల కమిటీకి వెళ్తాయి. అందరూ పీఏసీ అంటారు. 22 మంది ఎంపీలు ఉంటారు, 15 మంది లోక్‌సభ నుంచి, 7గురు రాజ్యసభ నుంచి. అధ్యక్షుడిగా ప్రతిపక్ష సభ్యుణ్ని పెట్టడం ఆనవాయితీ, 2025లో కె.సి. వేణుగోపాల్ ఉన్నారు. ప్రజా సౌకర్యాల మీద వేసే ఫీజులు, చార్జీలు అన్న అంశాన్ని ఈ కమిటీయే ఎంచుకుని, జాతీయ రహదారుల టోల్ మీద 2025 ఆగస్టులో రిపోర్టు ఇచ్చింది.

అందులో మన చర్చకి కావాల్సినవి చాలా ఉన్నాయి. ఖర్చు రాబట్టుకున్నాక కూడా ఎప్పటికీ టోలు వసూలు చేస్తూ ఉండే పద్ధతి ఆపాలంది. రేట్లు, వసూళ్లు పారదర్శకంగా చూడటానికి స్వతంత్ర నియంత్రణ సంస్థ పెట్టమంది. పని జరుగుతూ రోడ్డు పూర్తిగా వాడుకోలేని చోట వాహనదారుడికి టోలు వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఉండాలంది. రేటు నిర్ణయించే పద్ధతిని తిరిగి చూడటానికి నీతి ఆయోగ్‌తో అధ్యయనం మొదలుపెట్టామని మంత్రిత్వ శాఖ ఆ కమిటీకి చెప్పింది.

అంటే కుర్రోడు మొదట్లో అడిగిన ఈఆర్‌సీ లాంటి వ్యవస్థే టోల్‌కీ కావాలని పార్లమెంటు కమిటీ స్వయంగా సిఫారసు చేసింది. ఆ సిఫారసుని ఒప్పుకున్నారా లేదా అన్నది ప్రభుత్వం కమిటీకి రాతపూర్వకంగా చెప్పాలి. మనం పట్టుకోవాల్సింది ఆ జవాబునే.

పెందుర్తి టీచర్
లోకల్ పాసు మాటేమిటి? మా ఇల్లు ఒక ప్లాజాకి 20 కిలోమీటర్ల లోపే. పాసు అడిగితే కౌంటర్లో ఒకసారి ఆధార్ అంటారు, ఇంకోసారి సర్వీసు రోడ్డు ఉంది కదా అంటారు. అసలు రూల్ ఏమిటి?

ఎంవీపీ లాయరమ్మ
20 కిలోమీటర్ల లోపు ఉండే సొంత కార్ల వాళ్లకి నెల పాసు. 2008 రూల్స్‌లో 150 రూపాయలు, పెరుగుతూ 2025-26కి 350 అయింది. సర్వీసు రోడ్డో ప్రత్యామ్నాయ రోడ్డో ఉంటే ఇవ్వక్కర్లేదన్న మెలిక కూడా రూల్‌లోనే ఉంది. నోటిమాటతో తిరిగి రాకండి టీచర్ గారూ. పాసు ఏ కారణంతో ఇవ్వడం లేదో కాగితం మీద రాసిమ్మనండి.

ఆటోనగర్ లారీ
కిరాయి బళ్లకి కూడా ఒక రాయితీ ఉందమ్మా, ప్లాజా ఉన్న జిల్లాలో రిజిస్టరైన బండి అయితే సగం ఫీజు. నేషనల్ పర్మిట్ బళ్లకి వర్తించదు. 2022 ఏప్రిల్లో ఉమ్మడి విశాఖ జిల్లా మూడు ముక్కలయ్యింది. నక్కపల్లి దగ్గర వేంపాడు ప్లాజా ఇప్పుడు అనకాపల్లి జిల్లా. గాజువాకేమో విశాఖ జిల్లా. మా వాడొకడు చిన్న బండికి ఒక ప్లాజాలో రాయితీ అడిగితే మీది వేరే జిల్లా అన్నారట. రోడ్డు కదల్లేదు, ఇల్లు కదల్లేదు, జిల్లా గీత కదిలింది. 2008లో రాసినోళ్లకి ఇది తెలీదు, ఇప్పుడైనా సరిచెయ్యాలి కదా. దీన్ని ఎవరికి చెప్పాలి?

ఎంవీపీ లాయరమ్మ
సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ ముందుకి తీసుకెళ్లాల్సింది ఇలాంటి ఇబ్బందినే అన్నా. జిల్లా అన్న చోట ఇన్ని కిలోమీటర్ల లోపు అని మార్చితే చాలు.

అగనంపూడి పాత కాపు
మీరు కమిటీలూ రిపోర్టులూ అంటున్నారు. మా అగనంపూడి సంగతి చూడండి. 2008 రూల్స్ ప్రకారం ఊరి హద్దుకి 10 కిలోమీటర్ల అవతల ప్లాజా ఉండాలి. కారణం రాసిపెట్టి దగ్గరికి తెచ్చినా 5 కిలోమీటర్ల లోపుకి రాకూడదు. మాదేమో 2005 నుంచి విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీలోనే ఉంది. ఊరి మధ్యన టోల్‌గేటు! గాజువాక నుంచి ఫార్మా సిటీకి పనికెళ్లేవాడు టోలు కట్టి వెళ్లాలి. ఎన్ని ధర్నాలు, ఎన్ని అరెస్టులు. చివరికి 2024లో వసూలు ఆగింది. ఆపింది జనం పోరాటం, దాన్ని భుజాన వేసుకున్న నాయకులు. ఏ పార్లమెంటు కమిటీ కాదు.

రిటైర్డ్ ఇంజినీరు, సీతమ్మధార
పోరాటం వల్లే ఆగింది, ఆ గౌరవం మీకు దక్కాల్సిందే. అయితే పోరాటంతో ఒక గేటు పోయింది, రూల్ అలాగే ఉంది. రేపు ఇంకో ఊరు కార్పొరేషన్లో కలిస్తే అక్కడ మళ్లీ ఇదే కథ. పట్టణం పెరిగితే గేటు ఎన్నాళ్లలో జరగాలో రూల్‌లో రాయిస్తే మీ పిల్లలు మళ్లీ రోడ్డెక్కక్కర్లేదు.

అగనంపూడి పాత కాపు
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఒకటి సార్. ఎంపీలకి టోలు లేదు, ఎమ్మెల్యేలకి వాళ్ల రాష్ట్రంలో కార్డు చూపిస్తే టోలు లేదు. మంత్రులకీ లేదు. కట్టనివాడికి నొప్పి ఎలా తెలుస్తుంది? వాళ్లకి గుర్తు చేసేది మనమే అవ్వాలి.

విజయనగరం అప్ అండ్ డౌన్
2022 మార్చిలో గడ్కరీ గారు లోక్‌సభలోనే చెప్పారు, 60 కిలోమీటర్లకి ఒకటే ప్లాజా ఉంటుంది, మధ్యలో ఉన్నవి మూడు నెలల్లో మూయిస్తామని. శ్రీకాకుళం వైపు వెళ్లేవాళ్లం ఆ రోజు ఎంత ఆశపడ్డామో! సభలో ఇచ్చిన మాటకి విలువ లేదా లాయరమ్మ గారూ?

ఎంవీపీ లాయరమ్మ
ఉంది. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటుంది. మంత్రి సభలో ఇచ్చిన హామీ అమలైందా లేదా అని చూసేది అదే. ఆ మాటని హామీగా తీసుకున్నారా, తీసుకుంటే ఎంతవరకు వచ్చింది అని మన ఎంపీ అడగొచ్చు. 60 కిలోమీటర్ల దూరం మంత్రి కొత్తగా కనిపెట్టింది కాదు, 2008 రూల్స్‌లోనే ఉంది. కారణం రాసి దాన్ని దాటొచ్చన్న వెసులుబాటు కూడా పక్కనే ఉంది, వాడుకుంటున్నది ఆ వెసులుబాటునే.

కోర్టుల దారి కూడా మర్చిపోకండి. కేరళలో పాలియెక్కర దగ్గర రోడ్డు బాగోలేదని 2025 ఆగస్టులో హైకోర్టు టోలు ఆపించింది. దాని మీద సుప్రీంకోర్టుకి వెళ్లినా జోక్యం చేసుకోలేదు. అక్టోబరులో వసూలు మళ్లీ మొదలైంది. కోర్టు ఇచ్చేది ఒక రోడ్డుకి, కొన్నాళ్లకి ఉపశమనం. సూత్రం మార్చాలంటే సభ దగ్గరికే రావాలి.

పెందుర్తి టీచర్
ఇంకో భయం. 2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు గారు అసెంబ్లీలో రాష్ట్ర రోడ్లని కూడా ప్రైవేటు నిర్వహణకి ఇచ్చి టోలు పెట్టే ఆలోచన చెప్పారు కదా. ముందు ఉభయ గోదావరి జిల్లాల్లో చూస్తామని, గ్రామం నుంచి మండలానికి టోలు ఉండదని, బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకి మినహాయింపు అని అన్నారు. ఆ రోడ్లకీ ఇలాగే ఒకసారి సూత్రం రాసి వదిలేస్తే మనవలు కూడా కట్టాల్సి వస్తుంది.

ఎంవీపీ లాయరమ్మ
అక్కడ మనకి అవకాశం ఎక్కువ టీచర్ గారూ. రాష్ట్ర రోడ్ల మీద అధికారం అసెంబ్లీది. పెట్టుబడి వచ్చాక రేటు తగ్గాలి, ఏటా వసూలు లెక్క సభ ముందు పెట్టాలి అన్న రెండు మాటలు చట్టంలోనే రాయించాలి. రూల్స్‌కి వదిలితే 2023లో జరిగిందే మళ్లీ జరుగుతుంది.

కూర్మన్నపాలెం కుర్రోడు
ఇప్పటిదాకా వచ్చినవన్నీ కలిపి ఎంపీ గారి ఆఫీసులో ఇవ్వడానికి ముసాయిదా రాశాను. తప్పొప్పులు చూడండి.

"అయ్యా, నాతవలస ప్లాజాలో 2020 మే నుంచి 2021 మార్చి వరకు రూల్స్‌కి విరుద్ధంగా ఫీజు వసూలు చేశారని కాగ్ తేల్చింది. ఆ ప్లాజా వాటా ఎంత, దాన్ని వాహనదారులకి తిరిగి ఇచ్చే ఆలోచన ఉందా అని సభలో అడగవలసిందిగా కోరుతున్నాం. టోల్ మీద పీఏసీ 2025 ఆగస్టులో చేసిన సిఫారసుల్లో, ముఖ్యంగా నియంత్రణ సంస్థ విషయంలో, పెట్టుబడి రాబట్టుకున్నాక రేటు తగ్గించే విషయంలో, ప్రభుత్వం ఏం జవాబిచ్చిందో తెలపాలి. ప్రభుత్వమే టోలు తీసుకునే హైబ్రిడ్ యాన్యుటీ రోడ్లకి ఏటా 3 శాతం తప్పనిసరి పెంపు ఎందుకో చెప్పాలి. స్థానిక కిరాయి వాహనాల రాయితీని పాత జిల్లా హద్దులతోనైనా, దూరంతోనైనా సరిచేయాలి."

ఎంవీపీ లాయరమ్మ
బాగుంది. స్టార్డ్ ప్రశ్నగా వెయ్యమని స్పష్టంగా రాయండి. అప్పుడు మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు వెయ్యొచ్చు. అన్‌స్టార్డ్ అయితే ఒక కాగితం వచ్చి ఊరుకుంటుంది. స్టార్డ్ ప్రశ్నలు చీటీలో తగలాలి కాబట్టి విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి ఎంపీలకి కూడా ఇదే కాగితం ఇవ్వండి. 15 రోజుల ముందు నోటీసు కావాలి, సమావేశాలు మొదలయ్యాక వెళ్తే ఆలస్యం.

అగనంపూడి పాత కాపు
పట్టణం పెరిగినప్పుడు గేటు జరపడానికి గడువు ఉండాలన్న మాట కూడా చేర్చు బాబూ. సంతకాలకి మా వీధి నుంచి నేను తెస్తాను.

ఆటోనగర్ లారీ
లారీలకి ఏడాది పాసు ఎందుకు లేదో కూడా అడగమని ఒక వాక్యం. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద మేము విడిగా కూడా ఇస్తాం. ఆదివారం పొద్దున్న ఆటోనగర్ యూనియన్ ఆఫీసుకి ఎవరొచ్చినా కాగితాలు జిరాక్స్ తీసి ఉంచుతాను.

విజయనగరం అప్ అండ్ డౌన్
నేనొస్తాను. 2020 నాటి నా ఫాస్టాగ్ స్టేట్‌మెంటు బ్యాంకుని అడిగి తీసుకుంటున్నాను. నాతవలస దాటినవాళ్లందరూ మీ స్టేట్‌మెంట్లు తెచ్చుకోండి, కాగితానికి జతచేద్దాం.